ఒకే గదిలో దాక్కున్న ఇద్దరం

మా కాలేజీలో ఆడపిల్లల టాయిలెట్ తలుపుకు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉండేది. "నువ్వు ఒక్కదానివే అనుకుంటున్నావా? కాదు. బుధవారం మధ్యాహ్నం, పాత కెమిస్ట్రీ ల్యాబ్ పక్క గదికి రా" అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి, కింద మైనారిటీ విద్యార్థినుల బృందం అని చిన్న అక్షరాల్లో ఉండేది. నోటీసు బోర్డు మీద కాకుండా అక్కడెందుకు అంటించారో నాకు తర్వాత తెలిసింది. చదువుతున్నట్టు ఎవరికీ కనపడకుండా చదవగలిగే చోటు కాలేజీ మొత్తంలో అదొక్కటే.

మొదటి సంవత్సరమంతా దాన్ని చదువుతూనే ఉన్నాను. వెళ్ళలేదు.

మాది మదనపల్లె పక్కన పల్లె. మేం దూదేకులవాళ్ళం. తాత దూది ఏకేవాడు, నాయన పరుపులు కుడతాడు. నాయన నమాజు తప్పడు, రంజాన్ నెలంతా ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు ఉంటాం. కానీ మా ఇంట్లో ఉర్దూ ముక్క ఎవరికీ రాదు. పుట్టినప్పటి నుంచి తెలుగే. పేర్లు కూడా అంతే. మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, మొక్కుకున్న దర్గా పేరొకటి, నేను పుట్టినప్పుడు సాయం చేసిన పక్కింటావిడ పేరొకటి కలిపి నాకు పెట్టారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు రెండో సగమే రాశాడు. అందువల్ల నా పేరు విన్నవాళ్ళకు నేనెవరో తెలియదు.

బెంగళూరులో బీసీఏ సీటు వచ్చినప్పుడు నాయన నాతో వచ్చాడు. కాడుగోడిలో పీజీల కోసం ఎండలో తిరిగాం. మొదటి చోట రూములున్నాయని బోర్డు వేలాడుతోంది. ఆయన తన పేరు చెప్పగానే "ఇప్పుడే నిండిపోయిందండీ" అన్నారు. రెండో చోట కూడా అదే మాట. నాయనకు అది కొత్త కాదనుకుంటాను, నా సంచి తీసుకుని ముందుకు నడిచాడు. నేను మాత్రం గేటు బయటికి వచ్చి వెనక్కి తిరిగి ఆ బోర్డునే చూస్తూ నిలబడ్డాను.

మూడో ఇంట్లో ఒక పెద్దావిడ వాకిట్లో అప్పడాలు ఆరబెడుతోంది. మా మాట వినగానే ముఖం విప్పారింది. వాళ్ళది ఎప్పుడో తాతల కాలంలో బెంగళూరు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం.

"మదనపల్లె సైడా అప్పా మీది? మా అమ్మమ్మది పుంగనూరు. రాండి, రాండి. నీళ్ళు తాగండి ముందు."

నాయన పేరు అడగలేదు. నా పేరడిగింది. చెప్పాను. "బాగుండాది పేరు" అంది. పైన గది చూపించింది. దిగి వచ్చాక దేవుడి అల్మరా ముందు నిలబడి, "ఒక్క మాటప్పా. ఇది దేవుడుండే ఇల్లు. నేను కులం అడగను. మన పిల్లోళ్ళయితే నాకు చాలు" అంది.

నాయన పెదవి కదిలింది. ఆయన నోరు తెరవకముందే నేను "సరే ఆంటీ" అనేశాను.

సామాను పెట్టి ఆయన్ని బస్సెక్కించడానికి వెళ్ళాను. దారిలో ఫ్యాన్సీ షాపు ముందు ఆగి, "ఒక్క నిమిషం" అని లోపలికి పోయాడు. బయటికి వచ్చి నా ముఖం చూడకుండా నా చేతిలో ఒక చిన్న ప్యాకెట్టు పెట్టాడు. బొట్టుబిళ్ళలు. హొసకోటె వైపు పోయే బస్సు వచ్చింది, ఎక్కేశాడు. అయిదు పూటలా మోకరిల్లే మా నాయన, నమాజులో నేలకు ఆన్చి ఆన్చి నుదుటి మీద మచ్చ బిళ్ళలాగా కాయకట్టిన మనిషి. ఆ ప్యాకెట్టు పట్టుకుని నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. ఆటో అతను హారన్ కొడితే పక్కకు జరిగాను.

వారం తర్వాత నా గదిలోకి ఇంకో అమ్మాయి వచ్చింది. ఒంగోలు వైపు పిల్ల. పొడుగ్గా, గలగలా మాట్లాడుతూ, నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఎర్ర బొట్టుతో. దాన్ని చూడగానే, ఇలాంటి పిల్ల పక్కన నేనెట్లా నెట్టుకురావాలి అనుకున్నాను.

ఆంటీ ఇంట్లో ఒక పద్ధతి. శుక్రవారం సాయంత్రం పిల్లలే వంతులవారీగా దీపం పెట్టాలి. మా గది వంతు వచ్చినప్పుడు మేమిద్దరం కలిసి చేసేవాళ్ళం. అది ఒత్తి చేతిలోకి తీసుకుని నా వైపు చూసేది. నేను నూనె గిన్నె పట్టుకుని దాని వైపు చూసేదాన్ని. అది ఒకటి చేస్తే నేనూ అదే చేసేదాన్ని. హారతి కళ్ళకద్దుకోవడం, చుట్టూ తిరగడం అన్నీ దాన్ని చూసే నేర్చుకున్నాననుకున్నాను. ఆదివారం పొద్దున్నే అది బ్యాంకు పరీక్షల కోచింగ్ అని తలస్నానం చేసి వెళ్ళిపోయేది. రంజాన్ నెలలో నేను గ్యాస్ట్రిక్ అని, పగలు తింటే పడదని డాక్టరు చెప్పాడని చెప్పాను. తెల్లవారకముందే లేచి దుప్పటి కింద బ్రెడ్డూ అరటిపండూ తినేదాన్ని. పాపం అది నా కోసం మందుల షాపులో ఏదో సిరప్పు కూడా తెచ్చింది.

అయినా మేం బాగా కలిసిపోయాం. ఒకరి బట్టలు ఒకరం వేసుకునేవాళ్ళం. జ్వరమొస్తే ఒకరి తల ఒకరం పట్టేవాళ్ళం. అందుకే మరీ కష్టంగా ఉండేది.

రెండో సంవత్సరంలో మా జేజి పోయింది. నన్ను పెంచింది ఆవిడే. ఫోను రాగానే గదిలో కూలబడ్డాను. రూమ్మేటు నన్ను పట్టుకుని కూర్చుంది. "నేను ప్రార్థన చేస్తాలే, ఏడవకు" అని వీపు నిమిరింది. ఊరికి వెళ్ళి కడసారి చూసి వచ్చాను. మళ్ళీ నలభయ్యో రోజు ఫాతిహాకు వెళ్ళాలి. ఎందుకు వెళుతున్నావని ఆంటీ అడిగింది. "పెద్దకర్మ ఆంటీ" అన్నాను. "అయ్యో, ఇంత లేటుగా చేస్తారా మీ సైడు?" అంది. "ఆఁ, మా వైపు అంతే" అన్నాను.

బస్సులో కూర్చున్నాక ఆ మాట నాకు అడ్డం తిరిగింది. చనిపోయిన మనిషి గురించి కూడా అబద్ధమే చెప్పాను. ఆమెను ఏ పద్ధతిలో సాగనంపామో కూడా మార్చేశాను. ఊరి నుంచి తిరిగి వచ్చిన వారంలోనే, బుధవారం మధ్యాహ్నం, పాత కెమిస్ట్రీ ల్యాబ్ వైపు నడిచాను.

గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ల్యాబ్ స్టూళ్ళ మీద పదిమంది దాకా అమ్మాయిలు. నల్ల హిజాబ్ కట్టుకున్న సీనియర్ అక్క ఒకామె జామకాయలు కోసి, ఉప్పూ కారం చల్లి, కాగితం మీద పంచుతోంది. నన్ను చూసి లోపలికి రమ్మని చేయి ఊపింది. నేను గడప దాటాను.

కిటికీ పక్కన ఒకమ్మాయి చేతిలో జామకాయ ముక్క పట్టుకుని కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. రోజూ నేను చూసే దృశ్యమే. మా పీజీలో అన్నం ముందు ఆ పిల్ల అట్లాగే కళ్ళు మూసుకునేది. ఏం చేస్తున్నావే అంటే, "వేడి చల్లారనీ" అనేది.

జామకాయకు వేడేముంటుంది?

అది కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. చేతిలో ముక్క జారి కింద పడింది.

"నువ్వేందే ఇక్కడ?" అంది నా రూమ్మేటు.

"నువ్వేం చేస్తుండావు?" అన్నాను.

మిగతావాళ్ళు మాటలు ఆపి మా ఇద్దరి వంక చూస్తున్నారు. మీకు ముందే పరిచయమా అని సీనియర్ అక్క అడిగింది. "రూమ్మేట్స్" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"ఎవురు మీరు?" అన్నాను దాని వైపు తిరిగి. రోజూ నా దిండు పక్కన దిండు వేసుకుని పడుకునే పిల్లను "మీరు" అని అడిగాను.

"కిరస్తానం. మా నాన్న మా ఊళ్ళో చర్చికి పెద్ద. మరి నువ్వు?" అంది.

"సాయిబులం. దూదేకుల."

అది కింద పడ్డ జామకాయ ముక్క తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా, "మరి శుక్రవారం దీపం?" అంది.

"నిన్ను చూసే కదా నేర్చుకున్నా!"

"నన్నా? ఒసేయ్, నేను నిన్ను చూసి చేశానే! నువ్వెటు తిరిగితే అటు తిరిగా!"

గదంతా ఒక్కసారి నవ్వు. ఒకమ్మాయి స్టూలు మీద నుంచి పడబోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ల్యాబ్ బల్ల అంచు పట్టుకున్నాను. ఒక్కొక్కటీ తిరగబడుతోంది. ఆదివారం తలస్నానాలు. బ్యాంకు కోచింగ్. ప్రార్థన చేస్తాలే అన్న మాట. ఒకే గదిలో, చేయి చాపితే తగిలేంత దూరంలో ఇద్దరం ఒకరికొకరం భయపడుతూ బతికాం. దానికి నా మీద ఉన్న భయం నాకు దాని మీద ఉన్నంతే.

అది నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఏడ్చేసింది. "గ్యాస్ట్రిక్కు మందు తెచ్చానే నీకు" అంది వెక్కుతూ.

ఆ రోజు ఇంకో దెబ్బ కూడా తగిలింది. సీనియర్ అక్క నా పక్కకు వచ్చి ఉర్దూలో గబగబా ఏదో అంది. సంతోషంగానే అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఉర్దూ రాదక్కా" అన్నాను. వెనక నుంచి ఎవరో, "ఉర్దూ రాని ముస్లిమా? నిజంగానా?" అన్నారు. నా ముఖం మీద చన్నీళ్ళు చల్లినట్టయింది. బయట వాళ్ళకు నేను కాకూడనిదాన్ని. ఇక్కడ వీళ్ళకు అయ్యీ కానిదాన్ని. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. సీనియర్ అక్క నా చేయి వదల్లేదు. ఆమె కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. "నాకు తెలియదు. నీలాంటివాళ్ళు ఉంటారని నిజంగా తెలియదు. కూర్చో, చెప్పు" అంది. రోజాను, అంటే రంజాన్ ఉపవాసాన్ని, మేమేమంటామని అడిగింది. ఒక్కపొద్దు అంటామని చెప్పాను. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో, నాలుగైదుసార్లు పలికి చూసుకుంది.

ఆ బృందం పెద్ద పనులేమీ చేసేది కాదు. స్కాలర్‌షిప్పు ఆఫీసుకు ఒంటరిగా పోవడానికి భయపడే పిల్లకు తోడు వెళ్ళేవాళ్ళం. క్లాసులో ఎవరైనా ఎగతాళి చేస్తే ఆ పిల్ల పక్కన వరసగా కూర్చునేవాళ్ళం. బైలకుప్పె టిబెటన్ క్యాంపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, తనను అందరూ మోమోలు చేయడం వచ్చా అని అడుగుతారని, తనకు రాగిముద్ద మాత్రమే వచ్చని చెప్పుకుని బాధపడేది. ఎక్కువగా అట్లా చెప్పుకోవడమే. కానీ బుధవారం గురించి నేను సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని. పీజీలో మాత్రం ఇద్దరం ఎప్పటిలాగే ఉన్నాం. దీపం వంతు వస్తే ఒకరి ముఖం ఒకరం చూసుకోవడానికి లేదు, నవ్వొచ్చేస్తుంది.

కాలేజీలో ఎత్నిక్ డే వచ్చింది. అందరూ తమ తమ ప్రాంతాల బట్టలు కట్టుకుని ఆడీ పాడే రోజు. మా బృందానికీ కాస్త సమయం ఇచ్చారు. ఒక్కొక్కరు స్టేజీ ఎక్కి, తానెవరో, తనకు మాటలు నేర్పిన మనిషి ఎవరో సొంత భాషలో చెప్పాలని అనుకున్నాం. నేను చెబుతానన్నాను. రూమ్మేటు మాత్రం, "నేనెక్కను బాబూ. మా ఊరోళ్ళెవరైనా వీడియో చూస్తే ఈ బొట్టేందని మా నాన్న చంపేస్తాడు. నేను కింద కూర్చుని చప్పట్లు కొడతా" అంది.

మైకు ముందు నిలబడ్డప్పుడు మొదట ఏమీ కనపడలేదు. మా జేజి గురించి మొదలుపెట్టాను. ఆమె దూది ఏకుతుంటే తల నిండా తెల్లగా దూది పింజలు వాలేవని, నాకు సామెతలూ పాటలూ నేర్పింది ఆమేనని చెప్పాను. "మేం తెలుగు సాయిబులం. మా జేజి దేవునితో కూడా తెలుగులోనే మాట్లాడేది. ఆమె ఈమధ్యనే పోయింది. నలభయ్యో రోజు ఫాతిహా చదివించి వచ్చాను" అన్నాను. ఆ చివరి మాట అందరి ముందూ సరిగ్గా చెప్పాలని ముందే అనుకున్నాను.

అప్పుడు హాలు వెనక తలుపు దగ్గర ఆంటీ కనిపించింది.

కాలేజీ ఫంక్షన్లకు ఆమె వంట ఆర్డర్లు తీసుకుంటుందని తెలుసు. ఆ రోజు కూడా తీసుకుందని తెలియదు. పులియోగరె, అంటే కన్నడ పులిహోర, నిండా ఉన్న గిన్నెను చెరో వైపు పట్టుకుని, ఆమే, వంటకు వచ్చే ఇంకొకామే నిలబడి ఉన్నారు. తెలుగు వినపడేసరికి ఆగినట్టుంది. ఆమె ముఖం మీద ఇంకా నవ్వుంది. మా ఇంటి పిల్ల అని పక్కామెకు చూపిస్తున్న నవ్వు. నేను చూస్తుండగానే ఆ నవ్వు ఉన్నచోటే గట్టిపడిపోయింది. పోలేదు, అట్లాగే ముఖం మీద నిలిచిపోయింది. దించమన్నట్టు పక్కామె గిన్నెను కదిపింది. ఆంటీ కదల్లేదు.

చప్పట్లు కొట్టారు. నేను స్టేజీ ఎట్లా దిగానో తెలియదు.

మధ్యాహ్నం భోజనాల వరుసలో వడ్డిస్తున్నది ఆమే. తప్పించుకుందామంటే వెనక నుంచి తోస్తున్నారు. నా ప్లేటు ముందుకొచ్చింది. తల ఎత్తకుండా పులియోగరె పెట్టింది. ఎప్పుడూ పెట్టినట్టే ఇంకో గరిటె ఎక్కువ పెట్టింది. "సాయంత్రం బేగ ఇంటికి రాప్పా. మాట్లాడాల" అంది.

సాయంత్రం హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. మేమిద్దరం ఎదురుగా నిలబడ్డాం. పై గదుల పిల్లలు మెట్ల మీద గుంపుగా చేరారు.

"నువ్వు ఆడ చెప్పింది నిజమా?"

"నిజమే ఆంటీ."

"మా దేవుని ముందర దీపం పెట్టించినాను గదా నీ చేత. ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే గది ఇచ్చేవాళ్ళా ఆంటీ?"

ఆమె నిజంగా ఆలోచించింది. "లేదు" అంది. "అబద్ధమెందుకు ఆడాల? ఇచ్చేదాన్ని కాదు."

తిడుతుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. దానికి నేను సిద్ధపడే వచ్చాను. ఆమె గొంతులో కోపం లేకపోవడం నన్ను నిలువునా కూల్చేసింది.

"నీ మీద నాకేమీ కోపం లేదప్పా. నువ్వు మంచిదానివి. నా కాళ్ళు పట్టినావు, నాతో ఆస్పత్రికి వచ్చినావు. అయినా ఇంట్లో పెట్టుకునేదానికి నాకు మనసు రావడం లేదు. అంతే. వేరే చోటు చూసుకో." తర్వాత నా రూమ్మేటు వైపు తిరిగి, "నువ్వేమీ భయపడద్దు తల్లీ. నీ మంచం నీకుంటాది. ఇంకో పిల్లను చూస్తా. మన పిల్లనే చూస్తా" అంది.

నేను దాని వైపు చూడలేదు. అది ఉండాలనే అనుకున్నాను. సెమిస్టరు మధ్యలో ఎక్కడికి పోతుంది?

"ఆంటీ" అంది అది. "నేను కిరస్తానీదాన్ని."

ఆంటీకి అర్థం కాలేదు. "ఏంది?" అంది.

"మేం యేసుప్రభువును నమ్ముకున్నోళ్ళం ఆంటీ. ఆదివారం నేను పోయేది కోచింగ్‌కు కాదు, చర్చికి. నేను కూడా పోతా."

ఎవరూ అడగలేదు. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే దాని మంచం దానికుండేది. దాని చేయి నా చేతిని తాకింది, చల్లగా ఉంది.

ఆంటీ కుర్చీ చేయి గట్టిగా పట్టుకుంది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత తల ఎత్తి మెట్ల మీద నిలబడ్డ పిల్లలందరి వైపు చూస్తూ, దాదాపు గుసగుసగా, "ఇంకెంతమంది ఉండారు నా ఇంట్లో?" అంది.

పై మెట్టు మీద నిలబడ్డ ఒకమ్మాయి మెల్లగా తల దించుకోవడం నేను చూశాను. ఆంటీ చూడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల ఎవరో, ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

రూమ్మేటు ఫోను చేస్తే సీనియర్ అక్క గంటలో ఆటోతో వచ్చి మా పెట్టెలు ఎక్కించింది. శివాజీనగర్‌లో వాళ్ళ ఇంటికి తీసుకెళ్ళింది. రెండు గదుల ఇల్లు. వాళ్ళమ్మ తలుపు తీసి, ముందు రూమ్మేటు బొట్టు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఈ పిల్ల ముస్లిం అని కూతురు నన్ను చూపించగానే ఆమె ఉర్దూలో ఏదో అడిగింది. నేను బిక్కముఖం వేశాను. ఆమె కూతుర్ని పక్కకు పిలిచి మెల్లగా ఏదో అంది. అందులో ఒక్క మాట నాకు తెలిసింది. ఝూట్. అబద్ధం.

ముస్లింనైనందుకు ఒక ఇంట్లోంచి బయటికొచ్చిన సాయంత్రమే, ముస్లిం అని అబద్ధం చెబుతున్నానని ఇంకో ఇంట్లో అనుమానం. గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

మగ్రిబ్ నమాజు వేళయింది. ఆమె జానమాజు, నమాజు చేసుకునే చాప, పరిచింది. నేను అడగకుండానే ముఖం కాళ్ళు కడుక్కుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఓరకంట చూస్తోందని తెలుస్తూనే ఉంది. మా రూమ్మేటు వెనకాల గోడ వారన కూర్చుని తన పద్ధతిలో తాను కళ్ళు మూసుకుంది. చివర్లో ఆ తల్లి చేతులెత్తి, ఇంటికొచ్చిన ఈ పిల్లల కోసం ఏదో వేడుకుని "ఆమీన్" అంది. అదే క్షణంలో వెనక నుంచి "ఆమెన్" అని వినపడింది.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎర్ర బొట్టు పెట్టుకుని ఆమెన్ అంటున్న పిల్లను చూసి చూసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వు మొదలుపెట్టింది. ఆమె నవ్వు చూశాక నాకు ఆ రోజంతా రాని ఏడుపు వచ్చింది. మమ్మల్ని అక్కడే ఉంచుకుంది. ఇరుకైనా, ఒక్క రోజు కూడా ఇరుకన్నట్టు కనపడనివ్వలేదు.

నాయనకు ఫోనులో చెప్పాను. "స్టేజీ మీద చెప్పినావా? అందరి ముందరా?" అన్నాడు. అవును నాయనా అన్నాను. "మైకులోనా?" అన్నాడు. మళ్ళీ అదే అడిగాడు. భయపడుతున్నాడో, ఇంకేమైనానో నాకు అంతుపట్టలేదు. చివరికి "అన్నం తిను" అని పెట్టేశాడు.

ఇల్లు వెతికే పని మా బృందమంతా మీద వేసుకుంది. ఇద్దరిద్దరుగా కాడుగోడి వీధులన్నీ తిరిగాం. ఈసారి అడగకముందే చెప్పేయాలని రూమ్మేటు పట్టుబట్టింది. తలుపు తీయగానే, "నమస్కారమండీ, నేను క్రిస్టియన్, ఇది ముస్లిం. ఇల్లుందా?" అనేది. కొందరు మా మాట పూర్తికాకముందే తలుపు వేశారు. ఒకాయన మర్యాదగా మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, చాలాసేపు దేశం గురించి మాట్లాడి, ఆ తర్వాత లేదన్నాడు. ఒక్కొక్క తలుపు మూసుకున్నప్పుడల్లా నేను ఉలిక్కిపడుతూనే ఉన్నాను. అలవాటవుతుందని అందరూ అన్నారు. కాలేదు.

చివరికి ఇల్లిచ్చింది పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన ఒక కన్నడావిడ. పైన ఒంటరిగా ఉంటుంది. మా రూమ్మేటు పాఠం అప్పజెప్పినట్టు చెప్పిందంతా విని, ఇంకేముందో అన్నట్టు చూసింది. "నీరు వేస్ట్ మాడబేడి, అష్టే" అంది. నీళ్ళు వృథా చేయొద్దు, అంతే. ఆ వేసవిలో వీధిలో ట్యాంకరు కోసం అందరూ కొట్టుకుంటున్నారు. మేం నమ్మలేక, ఆమెకు మా మాట సరిగా వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాం. "కేళిస్తు, కేళిస్తు" అంది విసుగ్గా. వినపడిందట.

బృందంలోని నలుగురం అందులో చేరాం. బైలకుప్పె అమ్మాయి వచ్చాక మాకు రోజూ రాగిముద్దే. నేను ఆ ఏడు గ్యాస్ట్రిక్ లేకుండా ఒక్కపొద్దులున్నాను. రూమ్మేటు మాత్రం బొట్టు మానలేదు. ఇంకా ఎందుకే అంటే, "నా ముఖానికి అలవాటైంది, బాగుంది కూడా" అంది. ఆదివారం పొద్దున తీసేసి అద్దానికి అంటించి పోతుంది. "అప్పుడు ఆంటీ దగ్గర దాచా, ఇప్పుడు పాస్టరు దగ్గర దాస్తున్నా" అంటే నాకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఆఖరి సంవత్సరం చలికాలంలో కాడుగోడి సంతలో ఆంటీ ఎదురైంది. అనపకాయల కాలం, గింజల కోసం ఒలుచుకునే చిక్కుడు జాతి కాయలవి. హొసకోటె నుంచి వచ్చిన కాయలు గుట్టలుగా పోసి ఉన్నాయి. వంగి ఏరుకుంటూ తల ఎత్తితే, గుట్టకు అవతల ఆమె. ముందు ఆమె చూపు నా నుదుటి మీదికి పోయింది. తర్వాత కళ్ళలోకి చూసింది.

"బాగుండారా?" అంది.

ఏమప్పా, ఏమ్మే అని పిలిచిన నోరది. నాకు గౌరవమిస్తోందా అనుకున్నాను ఒక్క క్షణం. "బాగుండాను ఆంటీ. మీరు?" అన్నాను.

"ఉండాము" అంది. ఆమె నా చేతిలోని కాయల వంక చూసి, తెలియనిది తెలుసుకుంటున్నదానిలాగా, ఎంతో మర్యాదగా అడిగింది: "అనపకాయలు తింటారా మీరు?"

ఆమె ఇంట్లో రెండు చలికాలాలు ఆమె పక్కన కూర్చుని పితికిపప్పు కోసం నానిన అనపగింజలు పితికాను. ఆమె చేసిన పులుసు గిన్నె ఊడ్చి తిన్నాను. ఆమెకవన్నీ గుర్తున్నాయి, ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ ఆమె దృష్టిలో అవి తిన్న పిల్ల వేరు, ఎదురుగా ఉన్న నేను వేరు. ఆ "మీరు" నన్ను కాదు. నా వెనక ఆమెకు కనపడుతున్న ఎవరెవరినో.

"తింటాం ఆంటీ" అన్నాను. "మా అమ్మ కూడా పితికిపప్పు చేస్తుంది."

"అట్లనా!" అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఇవి లేతవి, ఈ పక్కవి తీసుకోండి" అని తన ముందున్నవి నా వైపు తోసి, సంచి సర్దుకుని జనంలోకి వెళ్ళిపోయింది.

ఆ కాయలే తీసుకున్నాను. ఇంటికొచ్చి నలుగురం చాప మీద కూర్చుని ఒలుస్తుంటే ఆమె అడిగిన మాట చెప్పాను. ఎవరూ నవ్వలేదు. రూమ్మేటు చేతులాగిపోయాయి.

"నువ్వేం చెప్పావు?" అంది.

"తింటామని చెప్పాను" అన్నాను.

"ఊఁ" అంది. మళ్ళీ ఒలవడం మొదలుపెట్టింది.